మొదటిసారి స్నోబోర్డింగ్‌కి వెళ్ళే బెజవాడ, గుంటూరు వాళ్ళకి: వాలు మీద మర్యాద, భద్రత

సంక్రాంతి సెలవులు దగ్గర పడేసరికి ఇటువైపు నుంచి ఒకే రకం ప్రశ్నలు మొదలవుతాయి. గుల్మార్గ్ వెళ్తున్నాం, స్నోబోర్డింగ్ చెయ్యాలనుంది, పడితే ఏమవుతుంది, అక్కడ రూల్స్ ఏమైనా ఉంటాయా అని. రూల్స్ ఉంటాయి. రాసి పెట్టినవీ ఉంటాయి, రాయకపోయినా అందరూ పాటించేవీ ఉంటాయి. స్నోబోర్డింగ్ అంటే రెండు కాళ్ళూ ఒకే పలకకి కట్టుకుని మంచు వాలు మీద జారడం, స్కీయింగ్‌లో అయితే ఒక్కో కాలికి ఒక్కో పలక. విన్యాసాలు, గెంతులు ఈ వ్యాసంలో లేవు. మంచు మీద మొదటిసారి కాలు పెట్టేవాళ్ళు తమకీ పక్కవాళ్ళకీ దెబ్బ తగలకుండా ఎలా మెలగాలో మాత్రమే ఉంది.

అన్నిటికన్నా ముందు ఒక అలవాటు ఇక్కడే వదిలేసి వెళ్ళాలి. బెంజ్ సర్కిల్లో వెనకవాడు హారన్ కొడితే ముందువాడు జరగాలి. వాలు మీద హారనూ లేదు, ముందువాడికి అద్దమూ లేదు. అక్కడ దారి కింద ఉన్నవాళ్ళది. పై నుంచి వచ్చేవాళ్ళే చూసుకోవాలి, తగ్గాలి, తప్పుకోవాలి. ఈ ఒక్కటి బుర్రకెక్కితే మిగతా రూల్స్ ఎందుకున్నాయో ఎవరూ చెప్పక్కర్లేదు.

## 1. ఎక్కడికి, ఎప్పుడు

మన దేశంలో స్నోబోర్డింగ్‌కి ఎక్కువమంది వెళ్ళేవి మూడు చోట్లు: కశ్మీర్‌లో గుల్మార్గ్, ఉత్తరాఖండ్‌లో ఔలి, హిమాచల్‌లో మనాలి దగ్గరి సోలాంగ్. లిఫ్టులు, అద్దె సామాను, నేర్పేవాళ్ళు అన్నీ ఒకేచోట బాగా దొరికేది గుల్మార్గ్‌లో. అందుకే కింద ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే. ఔలి అనుకుంటే మాత్రం జోషీమఠ్ నుంచి రోప్‌వే నడుస్తోందో లేదో కనుక్కుని బయల్దేరండి. 2023 జనవరిలో ఊళ్ళో నేల కుంగినప్పుడు దాన్ని ఆపేశారు.

మనకి సెలవులు దొరికేది సంక్రాంతికి. కశ్మీర్‌లో అది సరిగ్గా చిల్లై కలాన్ మధ్యలో పడుతుంది. డిసెంబరు 21 నుంచి జనవరి 30 దాకా నలభై రోజులు, ఏడాది మొత్తంలో చలి ముదిరే రోజులు. పైగా జనవరిలో మంచు కచ్చితంగా ఉంటుందన్న నమ్మకమూ లేదు. 2024 జనవరిలో గుల్మార్గ్‌లో చాలా రోజులు మంచే లేక నేల కనిపించింది. నన్నడిగితే ఫిబ్రవరి రెండు, మూడు వారాలు మేలు. మంచు పేరుకుని ఉంటుంది, పగలు కాస్త పెరుగుతుంది.

ప్రయాణం గన్నవరం నుంచి ఢిల్లీ లేదా హైదరాబాద్ మీదుగా శ్రీనగర్. అక్కడి నుంచి గుల్మార్గ్ యాభై కిలోమీటర్ల దూరం. మంచు పడితే టంగ్‌మార్గ్ దగ్గర మామూలు కార్లు ఆగిపోతాయి, టైర్లకి గొలుసులు వేసిన బండికి మారాలి. మంచు వల్ల శ్రీనగర్ విమానాలు రద్దవడం మామూలే కాబట్టి తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోండి. సోమవారం ఆఫీసులో ఉండాలని ఆదివారం టికెట్ కొంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కశ్మీర్‌లో పనిచేయదు. గుంపులో కనీసం ఇద్దరి దగ్గర పోస్ట్‌పెయిడ్ ఉండాలి. ఇది ఫొటోలు పంపుకోవడానికి కాదు, దెబ్బ తగిలితే ఫోన్ చెయ్యడానికి.

## 2. ఇంటి దగ్గర ఒక నెల

మంచు లేని ఊళ్ళో ఏం సాధన చేస్తాం అనుకోవద్దు. సగం పని ఇక్కడే అయిపోతుంది.

కాళ్ళు. స్నోబోర్డు మీద రోజంతా మోకాళ్ళు వంచే ఉండాలి. మంగళగిరి పానకాల స్వామి మెట్లు దగ్గర్లో ఉన్నవాళ్ళు వారానికి మూడు రోజులు ఎక్కి దిగండి. ఎక్కడం కన్నా నెమ్మదిగా దిగడం ముఖ్యం, వాలు మీద తొడలు చేసే పని అదే. అటు వెళ్ళలేనివాళ్ళకి అపార్ట్‌మెంట్ మెట్లు చాలు, దిగేటప్పుడు మాత్రం లిఫ్ట్ ఎక్కకండి. గుంజీలు, ప్లాంక్ కూడా కలిపితే మంచిది.

పడటం. అవును, పడటం కూడా నేర్చుకోవాలి. పరుపు నేల మీద వెయ్యండి. మోకాళ్ళు వంచి, గడ్డం ఛాతీకి ఆనించి, పిడికిళ్ళు బిగించి చేతులు ఛాతీ దగ్గర పెట్టుకుని వెనక్కి పడండి. ముందు పిర్రలు ఆనాలి, తర్వాత వీపు గుండ్రంగా దొర్లాలి. తల ఎక్కడా తగలకూడదు. ముందుకి పడేటప్పుడు మోకాళ్ళు, ఆ వెంటనే ముంజేతులు. అరచెయ్యి ఆనించడం మనిషికి సహజంగా వచ్చేస్తుంది, అదే మాన్పించాలి. కొత్తగా నేర్చుకునే స్నోబోర్డర్లకి ఎక్కువగా విరిగేది మణికట్టే. రోజూ ఇరవైసార్లు పడితే వారంలో చేతులు వాటంతట అవే లోపలికి ముడుచుకుంటాయి.

ముందు కాలు ఏది? సాక్సులతో ఇంట్లో టైల్స్ మీద నాలుగడుగులు పరిగెత్తి జారండి. ఏ కాలు ముందుకొస్తే అది. ఎడమ కాలు ముందుంటే రెగ్యులర్, కుడి కాలు ముందుంటే గూఫీ అంటారు. రెండూ సరైనవే. అద్దె దుకాణంలో ఇదే మొదటి ప్రశ్న.

డాక్టరు, బీమా. బీపీ, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా వెళ్ళొద్దు. మనం ఉండేది దాదాపు సముద్ర మట్టంలో, గుల్మార్గ్ ఉన్నది 2,600 మీటర్ల పైన. ఎత్తు పడనివాళ్ళకి ఇచ్చే మాత్రలుంటాయి. అవి డాక్టరు రాస్తేనే వేసుకోవాలి, పక్కింటాయన ఇచ్చాడని కాదు. ట్రావెల్ పాలసీ కొనేటప్పుడు మంచు క్రీడలకి కవరేజీ ఉందా, కొండ మీద నుంచి దించే ఖర్చు ఇస్తారా అన్న రెండూ కాగితం మీద చూసుకోండి. చాలా పాలసీల్లో సాహస క్రీడలు మినహాయింపుల జాబితాలో ఉంటాయి.

## 3. బట్టలు: కాటన్ వద్దు

మన బీరువాలో ఉన్నవన్నీ కాటనే, చిక్కంతా అక్కడే ఉంది. కాటన్ తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. జీన్స్ అయితే మరీ ఘోరం, మొదటి పది నిమిషాల్లోనే కూర్చున్నచోట తడిసి గట్టిపడుతుంది. లోపల థర్మల్స్, మధ్యలో ఫ్లీస్ లేదా ఉన్ని స్వెట్టర్, పైన నీళ్ళు దిగని జాకెట్, ప్యాంటు. ఈ మూడు పొరలు చాలు. దారిలో టూరిస్టులకి అద్దెకిచ్చే పొడుగాటి కోట్లు, గమ్ బూట్లు ఫొటోలకి సరే గానీ బోర్డు మీద పనికిరావు. బూటుని బోర్డుకి పట్టి ఉంచే బైండింగులో కోటు అంచు ఇరుక్కుంటుంది.

- హెల్మెట్: తప్పనిసరి. దాని కింద మంకీ క్యాప్ పెడితే హెల్మెట్ వదులై కదులుతుంది. పల్చటి బఫ్, అంటే తలకీ మెడకీ తొడుక్కునే గుడ్డ గొట్టం, చాలు.
- మణికట్టు గార్డులు: స్కేటింగ్ సామాను అమ్మే దుకాణాల్లో దొరుకుతాయి. ఇక్కడే కొనుక్కెళ్ళండి.
- గాగుల్స్: మామూలు చలవ అద్దాలు పడినప్పుడు ఎగిరిపోతాయి.
- సాక్సులు: మోకాలి కిందిదాకా వచ్చే ఉన్నివి ఒక్క జత. రెండు జతలు వేస్తే రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి.
- గ్లవ్స్: నీళ్ళు దిగనివి. బండి నడిపే గ్లవ్స్ కాదు.
- సన్‌స్క్రీన్, లిప్ బామ్.

సన్‌స్క్రీన్ అనగానే నవ్వుతారు. బెజవాడ మే నెల ఎండ చూసినవాళ్ళకి ఇదొక ఎండా అనిపిస్తుంది. వేడి తెలియదు గానీ ఎత్తుకి వెళ్ళేకొద్దీ అతినీల లోహిత కిరణాలు పెరుగుతాయి. వెయ్యి మీటర్లకి సుమారు పది శాతం. కొత్తగా పడిన మంచు వాటిలో 80 శాతం దాకా తిరిగి మొహం మీదికే కొడుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల దగ్గర కమిలిపోయేది అందుకే. గాగుల్స్ లేకుండా రోజంతా తిరిగితే రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు మండుతుంది, కళ్ళు తెరవలేరు. మబ్బు పట్టిన రోజూ ఇది జరుగుతుంది.

## 4. అద్దె దుకాణంలో చూడాల్సినవి

మొదటి రోజు మధ్యాహ్నం సామాను మాట్లాడుకుని, ఆ రోజుకి విశ్రాంతి తీసుకోండి. దిగీ దిగగానే వాలెక్కితే తలనొప్పి, వికారం ఖాయం. ఆ రోజు నీళ్ళు బాగా తాగాలి, మద్యం ముట్టకూడదు.

బూటు వేసుకుని నిలబడితే వేళ్ళు ముందు భాగాన్ని కొద్దిగా తాకాలి. మోకాళ్ళు వంచితే కాస్త వెనక్కి రావాలి. మడమ పైకి లేస్తే ఆ బూటు వద్దు. "కొంచెం వదులుగా ఉంటే హాయి కదండీ" అనుకునేవాళ్ళు చాలామంది. వదులు బూటుతో బోర్డు మాట వినదు. కొత్తవాళ్ళు బోర్డు నిలువునా పెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్య వచ్చేది తీసుకోవచ్చు, బరువు ఎక్కువున్నవాళ్ళు కాస్త పొడుగుది.

తీసుకునే ముందు:

- బైండింగ్ స్క్రూలన్నీ బిగువుగా ఉన్నాయా? చేత్తో పట్టి ఊపి చూడండి.
- పట్టీల పళ్ళు అరిగిపోయాయా? బిగించి లాగండి, జారకూడదు.
- అంచుల లోహపు పట్టీ ఎక్కడైనా ఊడి వచ్చిందా?
- ముందు కాలికి కట్టుకునే తాడు, అంటే లీష్, ఉందా?
- కోణాలు: ముందు కాలు బయటికి సుమారు 15 డిగ్రీలు, వెనక కాలు దానికి ఎదురు వైపుకి 6 నుంచి 9 డిగ్రీలు. దుకాణంలోనే స్క్రూడ్రైవర్‌తో సరిచేస్తారు, అడగండి.

ధర, గంటలు, విరిగితే ఎంత అన్నవి ముందే మాట్లాడి బోర్డుకి నాలుగు వైపులా ఫొటో తీసుకోండి. ఇన్‌స్ట్రక్టర్‌తో కూడా అంతే. రోజుకెంత, ఎంతమందికి, స్నోబోర్డ్ నేర్పడం వచ్చా, స్కీయింగ్ ఒక్కటేనా అని అడగండి. గుల్మార్గ్‌లో కేంద్ర పర్యాటక శాఖ నడిపే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్కీయింగ్ అండ్ మౌంటెనీరింగ్ కోర్సులు పెడుతుంది. ఖాళీలు, తేదీలు నెలల ముందే చూసుకోవాలి.

## 5. బోర్డు కట్టుకోవడం

మామూలుగా ఎవరూ నేర్పకుండా వదిలేసేది ఇదే, ప్రమాదాలు మొదలయ్యేదీ ఇక్కడే. మంచు మీద వదిలేసిన స్కీకి బ్రేకులుంటాయి, దానంతటది ఆగుతుంది. స్నోబోర్డుకి ఆ ఏర్పాటు లేదు. చెయ్యి జారిన బోర్డు అడుగున ఎవరి కాలినో కొట్టేదాకా ఆగదు.

1. వాలుకి ఒక పక్కగా, పైనుంచి వచ్చేవాళ్ళకి దూరం నుంచే కనిపించేచోట ఆగండి.
2. బోర్డుని వాలుకి అడ్డంగా పెట్టండి. కిందికి చూసేలా పెడితే జారిపోతుంది.
3. లీష్ ముందు కాలికి కట్టండి. పట్టీలకన్నా ముందు ఇదే.
4. బూటు అడుగున, బైండింగు లోపల అంటుకున్న మంచు గీకెయ్యండి. వేలెడు మంచు మిగిలినా మడమ కూర్చోదు, పది మీటర్లు వెళ్ళేసరికి పట్టీ వదులవుతుంది.
5. మడమని వెనక పలకకి గట్టిగా ఆనించి, ముందు చీలమండ పట్టీ, తర్వాత వేళ్ళ పట్టీ బిగించండి.
6. వెనక కాలు కట్టుకునేముందు ఒకసారి పైకి చూడండి. లేచేముందు మళ్ళీ చూడండి.

విప్పేటప్పుడు వెనక కాలు ముందు, లీష్ చివర. టీ తాగడానికి వెళ్తూ బోర్డుని నేల మీద పెడితే బోర్లా పెట్టాలి, బైండింగులు మంచులోకి దిగేలా. వెల్లకిలా వదిలేస్తే గాలికే కదిలిపోతుంది.

## 6. ముందు ఆగడం నేర్చుకోండి

మొదటి పాఠం వెళ్ళడం అనుకుంటాం. ఆగడం వచ్చినవాడికే వెళ్ళే హక్కు ఉంది.

ఒంటి కాలితో. చదునైనచోట ముందు కాలు మాత్రమే కట్టుకుని వెనక కాలితో తోసుకుంటూ కదలండి. బోరు కొడుతుంది, అయినా ఒక గంట చెయ్యండి. లిఫ్ట్ దిగేటప్పుడు కావాల్సింది ఇదే.

మడమ అంచు మీద జారడం. మొహం లోయ వైపు, బోర్డు అడ్డంగా. వేళ్ళు పైకి లేపితే ఆగుతుంది, కాస్త దించితే జారుతుంది. నడుము దగ్గర వంగొద్దు, మోకాళ్ళు వంచండి.

వేళ్ళ అంచు మీద జారడం. మొహం కొండ వైపు. మడమలు పైకి. ఇది భయంగా ఉంటుందని చాలామంది దాటవేస్తారు. దాటవేసినవాళ్ళు జీవితాంతం ఒకవైపే తిరుగుతారు.

ఆకు రాలినట్టు. ఒకే అంచు మీద ఎడమకీ కుడికీ ఊగుతూ దిగడం. చూపు ఎటుంటే బోర్డు అటే వెళ్తుంది. ఇది రెండు అంచుల మీదా వచ్చాకే మలుపులు.

పరీక్ష ఇలా పెట్టుకోండి: వాలు మీద ఒక గుర్తు అనుకుని, సరిగ్గా దాని దగ్గర, రెండు అంచుల మీదా, పడకుండా ఆగగలగాలి. అయిదుకి అయిదుసార్లు కుదిరితేనే పై వాలుకి. "మనోళ్ళంతా పైకెళ్తున్నార్రా, నువ్వూ రా" అని ఫ్రెండ్స్ లాగితే, "నేను కిందే ఉంటాను, మీరెళ్ళండి" అనడానికి మొహమాటపడొద్దు.

## 7. వాలు మీద మర్యాద

అంతర్జాతీయ స్కీ సమాఖ్య 1967లోనే పది ప్రవర్తనా నియమాలు పెట్టింది. స్కీయింగ్ చేసేవాళ్ళకీ స్నోబోర్డర్లకీ అవే వర్తిస్తాయి. గుల్మార్గ్‌కి పనికొచ్చే తీరులో చెప్తాను.

కింద ఉన్నవాళ్ళదే దారి. మీ ముందు మనిషి ఒక్కసారిగా ఎడమకి తిరిగినా, పడిపోయినా, ఊరికే ఆగినా గుద్దుకుంటే తప్పు మీదే. అలాంటివేం జరిగినా ఆగగలిగేంత దూరం, వేగం ఉంచుకోవాలి. జనం ఉన్నచోట, మంచు గడ్డకట్టినచోట, పొగమంచులో ఇంకా తగ్గాలి.

దాటేటప్పుడు చోటు వదలాలి. ఎడమనుంచైనా కుడినుంచైనా దాటొచ్చు. ముందువాడు అనుకోకుండా తిరిగినా తగలనంత ఎడం ఉండాలి. అరిచి దారి అడగడం మీద నాకు నమ్మకం లేదు. గుల్మార్గ్‌లో కొత్తవాళ్ళ వాలు మీద గుంటూరు కుర్రాడొకడు "సైడ్, సైడ్" అంటూ వచ్చి మనవైపు నుంచే వచ్చిన పెద్దాయన్ని పడేశాడు. "అన్నా, అరిచాను కదా, మీరెందుకు జరగలేదు?" అన్నాడు. ఆయన మంచు దులుపుకుంటూ, "నువ్వు అరిచావనే వెనక్కి తిరిగాను బాబూ, తిరిగాననే పడ్డాను" అన్నాడు. కొత్తవాడు ఏ వైపు నుంచి శబ్దం వస్తే అటే తిరుగుతాడు, బోర్డూ అటే తిరుగుతుంది.

మీ వీపు వైపు మీకు కనిపించదు. ఇది స్నోబోర్డర్లకే ఉన్న ఇబ్బంది. రెగ్యులర్‌గా నిలబడేవాళ్ళకి కిందికి దిగుతుంటే ఎడమ వైపు వీపు, గూఫీలకి కుడి వైపు. మడమ వైపు మలుపు తిరిగే ముందు ప్రతిసారీ ముందు భుజం మీదుగా ఒక చూపు వెయ్యండి. మరో స్నోబోర్డర్‌ని దాటేటప్పుడు వీలైతే అతని ఛాతీ వైపు నుంచి వెళ్ళండి, మిమ్మల్ని చూస్తాడు.

ఆగితే పక్కన ఆగాలి. వాలు మధ్యలో, ఇరుకు దారిలో, మిట్ట దాటాక దాని కింద ఆగకూడదు. పైవాళ్ళకి మీరు కనిపించరు. పడినా అంతే, లేవలేకపోతే దొర్లి అయినా పక్కకి వెళ్ళాలి. స్నోబోర్డర్లకి ఉన్న చెడ్డ అలవాటు, అయిదారుగురు వరసగా అడ్డంగా కూర్చుని కబుర్లు చెప్పుకోవడం. వాలు అంచున, ఒకరి కింద ఒకరు కూర్చోండి.

కదిలే ముందు పైకీ కిందికీ చూడాలి. కట్టుకుని కూర్చున్నవాళ్ళు లేచేముందు, పక్క దారి నుంచి కలిసేవాళ్ళు కలిసేముందు ఈ చూపు తప్పదు. కలిసేవాళ్ళే ఆగాలి.

నడిస్తే అంచు వెంట. ఎక్కినా దిగినా వాలు మధ్యలో నడవొద్దు. బూటు గుంటల్లో ఎవరిదో అంచు ఇరుక్కుంటుంది.

ఇక రీల్స్. బోర్డు విప్పి పక్కన పెట్టాక తీసుకోండి. తీసేవాడు వాలు మధ్యలో, పై నుంచి వచ్చేవాళ్ళకి వీపు పెట్టి నిలబడతాడు చూడండి, అందరికన్నా ముందు దెబ్బ తినేది అతనే. ఇయర్‌ఫోన్స్ రెండు చెవుల్లో పెట్టుకోవద్దు, వెనక బోర్డు మంచుని గీరే శబ్దమే మీకున్న హెచ్చరిక.

గుల్మార్గ్ కొత్తవాళ్ళ వాలు మీద మనుషుల్ని కూర్చోబెట్టి లాగే స్లెడ్జీలు, ఫొటోలకొచ్చిన కుటుంబాలు, మంచు బళ్ళు, అన్నీ కలిసే ఉంటాయి. వాళ్ళకి ఈ రూల్స్ తెలియవు, తెలిసిన మీరే తగ్గాలి. శ్రీనగర్ నుంచి వచ్చే కార్లు చేరకముందే, పొద్దున్నే వాలు మీద ఉంటే రెండు గంటలు ప్రశాంతంగా దొరుకుతాయి. చిన్నపిల్లలు ఇన్‌స్ట్రక్టర్ వెనక వరసగా వెళ్తుంటే ఆ వరస మధ్యలోంచి దూరొద్దు. మీతో వచ్చిన బాబాయిలు, పిన్నులు స్లెడ్జీ ఎక్కుతానంటే సరే, ఆ చోటు వేరుగా చూపించండి.

మందు సంగతి వేరే చెప్పక్కర్లేదు. తాగి బండి నడపకూడదన్నట్టే ఇదీ.

## 8. లిఫ్ట్, గొండోలా

గొండోలా అంటే తీగ మీద వేలాడుతూ వెళ్ళే కేబుల్ కారు. రెండు దశలు: గుల్మార్గ్ నుంచి కొంగ్‌దూరి, అక్కడి నుంచి అఫర్‌వత్ కొండ మీదికి. మొదటి దశ దిగేచోటే 3,000 మీటర్లు దాటుతుంది, రెండో దశ చివర 3,900 పైన. టికెట్లు ఆన్‌లైన్‌లో ముందే కొనుక్కోండి. క్యూలో బోర్డు నిలువుగా పట్టుకోవాలి, అడ్డంగా పట్టుకుంటే తిరిగినప్పుడల్లా ఎవరికో తగులుతుంది. తెలిసినవాళ్ళు ముందున్నారని మధ్యలో దూరడం ఇక్కడా బాగుండదు, అక్కడా బాగుండదు.

కుర్చీ లిఫ్ట్ అయితే వెనక కాలు విప్పి, బోర్డు ముందుకి చూసేలా ఎక్కాలి. దిగేచోట వెనక కాలు రెండు బైండింగుల మధ్య ఆనించి, లేచి, తిన్నగా జారి, వెంటనే పక్కకి వెళ్ళాలి. పడితే అక్కడే కూర్చుని నవ్వుకోవద్దు, వెనక కుర్చీ వచ్చేస్తుంది. లాగే లిఫ్ట్ మీద కూర్చోకూడదు, అది లాగుతుంటే నిలబడాలి. మధ్యలో పడితే తాడు వదిలేసి పక్కకి దొర్లండి. చున్నీలు, వేలాడే బ్యాగు పట్టీలు ముందే లోపలికి దోపుకోండి.

## 9. పైకి వెళ్ళాలనిపిస్తే

అఫర్‌వత్ నుంచి దిగడం కొత్తవాళ్ళ పని కాదు. అక్కడ చదును చేసిన తేలిక దారి లేదు. వాలు మీద భద్రత చూసే స్కీ పెట్రోల్ బృందం కాపు కాసే ప్రాంతం గొండోలా కింది గిన్నె లాంటి పల్లం ఒక్కటే, దాని హద్దు తాడు దాటితే అంతా అదుపు లేని కొండ. చూడ్డానికి టికెట్ కొని వెళ్ళి, చూసి, గొండోలాలోనే దిగండి.

మంచుచరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలుల మీద. 2023 ఫిబ్రవరి 1న అఫర్‌వత్ మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ అలాగే చనిపోయారు. హెచ్చరికలకి అయిదు స్థాయిలుంటాయి. మూడు అంటే మధ్యస్థమే కదా అనుకుంటారు గానీ ప్రపంచంలో ఎక్కువ మరణాలు జరిగేది మూడో స్థాయి రోజుల్లోనే. గుల్మార్గ్ స్కీ పెట్రోల్ ఇచ్చే ఆ రోజు బులెటిన్ చూడకుండా, ట్రాన్స్‌సీవర్ (మంచు కింద పడ్డవాళ్ళ జాడ చెప్పే రేడియో పరికరం), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ), పార లేకుండా, వాటిని వాడటం రాకుండా తాడు దాటొద్దు. మంచు కింద పడ్డ మనిషిని మొదటి పది, పదిహేను నిమిషాల్లో పక్కనున్నవాళ్ళు తవ్వితేనే ఆశ. కింద నుంచి ఎవరూ అంత త్వరగా రాలేరు.

చెట్ల దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. దేవదారు లాంటి చెట్ల మొదట్లో కొమ్మల కింద మంచు గట్టిపడకుండా బోలుగా ఉంటుంది. తలకిందులుగా పడితే ఊపిరాడదు, ఒంటరిగా బయటికి రాలేరు. చెట్లకి దూరంగా, తోడు కనుచూపులో ఉండేలా దిగాలి.

## 10. ఎవరైనా పడి లేవకపోతే

1. పడ్డ మనిషికి కాస్త పైన రెండు బోర్డులు కత్తెరలాగా మంచులో నిలబెట్టండి. పైవాళ్ళు తప్పుకుంటారు.
2. తల, మెడ, వీపు నొప్పంటే కదపొద్దు. హెల్మెట్ తియ్యొద్దు. మనవాళ్ళు వెంటనే లేపి కూర్చోబెట్టి నీళ్ళు తాగిస్తారు, అది ఆపండి.
3. ఒకరు అక్కడే ఉండాలి, ఒకరు స్కీ పెట్రోల్‌కి లేదా 112కి ఫోన్ చెయ్యాలి. లిఫ్ట్ సిబ్బంది దగ్గర వాకీటాకీ ఉంటుంది, దగ్గర్లో ఉంటే అదే త్వరగా అందుతుంది.
4. జాకెట్ కప్పండి, కింద కూడా ఏదైనా పరవండి. చలి కింద నుంచే ఎక్కువ లాగుతుంది.
5. గుద్దుకున్నవాళ్ళు, చూసినవాళ్ళు పేరు, ఫోన్ నంబరు ఇచ్చే వెళ్ళాలి. తప్పెవరిదైనా సరే. బీమాకి కూడా ఇవే కావాలి.

తలకి దెబ్బ తగిలాక "బానే ఉన్నా" అన్నా ఆ రోజుకి బోర్డు విప్పెయ్యాలి. వాంతి, మత్తు, చెప్పిందే చెప్పడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి.

వేళ్ళు తెల్లబడి స్పర్శ తెలియకపోతే మంచుతో రుద్దొద్దు. కాంగ్‌డీ (చేత్తో పట్టుకునే నిప్పుల కుంపటి) మీదో బుఖారీ (గదిని వేడి చేసే పొయ్యి) మీదో పెట్టొద్దు, స్పర్శ లేని చర్మం కాలినా తెలియదు. చంకల్లో పెట్టుకోండి, లేదా గోరువెచ్చని నీళ్ళలో. రాత్రి గదిలో బుఖారీ వెలుగుతుంటే కిటికీ కాస్త తెరిచే పడుకోవాలి, పొగలోని విషవాయువుకి వాసన ఉండదు.

## 11. మాటిమాటికీ ఎదురయ్యే ఇబ్బందులు

వేగం అందుకున్నాక ఒక్కసారిగా బోర్లా పడుతున్నారా? కింది వైపు అంచు మంచులో దిగుతోంది. అడ్డంగా జారేటప్పుడు కొండ వైపు అంచే ఆనాలి. బోర్డు చదునుగా ఉండనివ్వొద్దు.

తొడలు మండిపోతున్నాయా? వెనక కాలి మీద బరువు వేసి వెనక్కి వాలుతున్నారు. భయం వల్ల వచ్చే అలవాటు. ముందు కాలి మీదికి బరువు తెస్తేనే బోర్డు తిరుగుతుంది.

పాదం తిమ్మిరెక్కుతోందా? పట్టీ అతిగా బిగించారు, లేదా థర్మల్ ప్యాంటు అంచు బూటులో ముడతపడింది. బూటులో సాక్సు తప్ప ఇంకేదీ ఉండకూడదు.

మధ్యాహ్నం తర్వాత పడటం ఎక్కువైందా? కాళ్ళు అలిసిపోయాయి, మంచు కూడా మెత్తబడి మళ్ళీ గడ్డకడుతోంది. "ఇదే లాస్ట్" అనుకున్న రౌండు ముందుదే లాస్ట్ చేసుకోండి.

చలికి ఆకలి, దాహం తెలియడం లేదా? గంటకోసారి రెండు గుక్కల నీళ్ళు, కాస్త పల్లీ పట్టీ. జేబులో లోపలి వైపు పెట్టుకోండి, బయటి జేబులో గట్టిపడిపోతుంది. రేపరు కూడా ఆ జేబులోనే తిరిగి రావాలి.

గాగుల్స్ లోపల ఆవిరి పడుతోందా? నుదుటి మీదికి ఎక్కించడం మానెయ్యండి, చెమట ఆవిరంతా అద్దంలోకి వెళ్తుంది. బఫ్‌ని ముక్కు మీదిదాకా లాగి గాగుల్స్ లోపలికి దోపినా అంతే. లోపలి అద్దాన్ని గ్లవ్‌తో తుడిస్తే పూత పోతుంది. మంచు దులిపి, జాకెట్ లోపల కాసేపు పెట్టి ఆరనివ్వండి.